ముందుగా ఏదీ కొనకూడదట

మా వైపు కడుపులో ఉన్న బిడ్డకి ముందుగా ఏదీ కొనరు. ఉయ్యాల కొనరు, చొక్కా కొనరు, ఆఖరికి దోమతెర కూడా కాన్పయ్యాకే ఎవరో ఒకరు ఆస్పత్రి నుంచి బజారుకి పరిగెత్తి తేవాలి. నేను పుట్టిన రాత్రి తెనాలిలో నాన్న సగం దించేసిన షట్టరు కింద నుంచి దూరి పౌడరు డబ్బా, గ్రైప్ వాటరు, రెండు జుబ్బాలు తెచ్చాడట. జుబ్బాలు రెండూ ఏడాది పిల్లలవి. ఆ ముచ్చట అమ్మ ముప్పై రెండేళ్ళుగా చెబుతూనే ఉంది.

కడుపులో ఉన్నదానికే ఏమీ కొనకూడదంటే, ఇంకా కడుపులో పడని దాని కోసం సిద్ధం కావడం అంటే ఎవరికైనా విడ్డూరమే మరి. పెళ్ళయి మూడేళ్ళు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, లిఫ్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర ఒకటే ప్రశ్న: "విశేషమేమైనా ఉందా?" దానికి రెండే జవాబులు. ఉంది, లేదు. "లేదండీ, కానీ సిద్ధమవుతున్నాం" అంటే ఎదుటి మనిషి మొహంలో అయ్యోపాపం అన్న భావం వచ్చేస్తుంది. ఏదో లోపం ఉందని, మందులు వాడుతున్నామని ఖాయం చేసేసుకుంటారు.

పోయిన దసరాకి బావా నేనూ అనుకున్నాం. ఇంక చాలు, కందాం, కానీ ఒక ఆరేడు నెలలు అన్నీ చూసుకుని మొదలెడదాం అని. ఇద్దరికీ ముప్పై దాటింది. మాది మేనరికం, బావ మా మావయ్య కొడుకు. ఆ భయం లోపల ఒక మూల ఎప్పుడూ ఉంది. ఈ ఎనిమిది నెలల్లో ఏం చేశామో రాద్దామనిపించింది. వెతికితే తెలుగులో "నెల తప్పాక ఏం తినాలి" అని దొరుకుతుంది కానీ తప్పకముందు సంగతి పెద్దగా దొరకలేదు నాకు.

మొదటిరోజు ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి ఫారం తీసింది. "ఎన్నో నెల మేడమ్?"

"నెలేం లేదండీ."

"ఓ, సరే. ఎన్నేళ్ళ నుంచి ట్రై చేస్తున్నారు?"

"ఇంకా మొదలెట్టలేదు."

పెన్ను ఆపి నా వంక చూసింది. ఫారం మీద రెండే గడులున్నాయి. ఒకటి గర్భిణి, రెండోది సంతానలేమి. కాసేపు ఆలోచించి రెండింటికీ మధ్య ఖాళీలో టిక్కు పెట్టింది. ఆ టిక్కుకి తగ్గట్టే ఇటు కాన్పుల వాళ్ళకీ అటు పిల్లల్లేని వాళ్ళకీ మధ్య కుర్చీలో గంటన్నర కూర్చున్నాం.

డాక్టరమ్మ మాత్రం "మంచిపని చేశారు, నా దగ్గరికి ఇలా వచ్చేవాళ్ళు నెలకి ఇద్దరు కూడా ఉండరు" అంది. కాగితం మీద ఒక గీత గీసి చూపించింది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం ఒకటుంటుంది. అది పిండం పడ్డాక దాదాపు 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకి. మనవాళ్ళు అప్పటికి ఇంట్లో టెస్టు చేసుకుని, మంచిరోజు చూసుకుని, డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ ఉంటారు. ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడానికి కావాల్సింది ఫోలిక్ యాసిడ్. అందుకే అది కనీసం నెల ముందు నుంచి, వీలైతే రెండు మూడు నెలల ముందు నుంచి ఒంట్లో ఉండాలి. రోజుకి 400 మైక్రోగ్రాములు రాసింది. మెడికల్ షాపతను చీటీ చూసి కూడా 5 మిల్లీగ్రాముల బిళ్ళ చేతిలో పెట్టాడు. అకౌంట్స్ దాన్ని కదా, అక్కడే నిలబడి లెక్క వేశాను. పన్నెండున్నర రెట్లు. "అందరికీ ఇదే ఇస్తాం మేడమ్, ఏం కాదు" అన్నాడు. మూర్ఛకి మందులు వాడేవాళ్ళకీ, సుగరున్నవాళ్ళకీ, ఇదివరకు బిడ్డకి వెన్నుపాము లోపం వచ్చినవాళ్ళకీ ఆ పెద్ద మోతాదు డాక్టర్లే రాస్తారట. నాకు రాసింది అది కాదు. ఇంకో రెండు షాపులు తిరిగి తెచ్చుకున్నాను.

ఇక రక్తపరీక్షలు. హిమోగ్లోబిన్ 9.4, తక్కువ. థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ 6.8, ఎక్కువ. నేనేమో రోజూ మూడో అంతస్తు ఎక్కి దిగుతూ, ఆయాసం వస్తే "లావయ్యాను" అనుకుంటున్నా. మనలో రక్తం తక్కువుండటం మామూలేనని డాక్టరమ్మ అంది. తర్వాత చూశాను, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రలో 58.8 శాతం. లిఫ్టు దగ్గర "విశేషమేమైనా ఉందా" అని నన్నడిగే ఆంటీకి కూడా అది ఉండే అవకాశం సగానికి పైనే.

అసలు కథ మందులు మొదలెట్టాక. థైరాయిడ్ బిళ్ళ పరగడుపున వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. ఐరన్, కాల్షియం దానికి నాలుగు గంటలు ఎడంగా ఉండాలి. ఐరన్ వేసుకున్నప్పుడు దరిదాపుల్లో కాఫీ టీలు ఉండకూడదు, పాలు పెరుగు ఉండకూడదు. అవి ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. ఐరన్‌కీ కాల్షియానికీ పడదు, విడివిడిగా వేసుకోవాలి. తెనాలి మనిషిని నేను. మా ఇంట్లో పళ్ళు తోముకోవడమే కాఫీ కోసం. డికాషన్ రాత్రే దింపి పెట్టుకునే వంశం. పొద్దున్నే బావ గ్లాసులోంచి ఆ వాసన వస్తుంటే నేను చెంబుడు నీళ్ళు ముందు పెట్టుకుని గోడ గడియారం వంక చూస్తూ కూర్చునేదాన్ని. మొదటి పదిరోజులు చిన్నపిల్లలా ఏడుపొచ్చింది, నిజంగా. చివరికి ఇలా కుదిరింది: అయిదున్నరకి థైరాయిడ్, ఆరున్నరకి కాఫీ, పదకొండున్నరకి ఆఫీసులో నిమ్మరసంతో ఐరన్, మధ్యాహ్నం అన్నం తర్వాత ఫోలిక్, నాలుగున్నరకి టీ, రాత్రి కాల్షియం. పదకొండున్నరకి సీసాలో నిమ్మకాయ నీళ్ళు తీస్తుంటే పక్క సీటు మేడం వారంలోనే కనిపెట్టేసింది. "నీళ్ళోసుకున్నావా?" అంది మెల్లిగా. "లేదు, నిమ్మకాయ నీళ్ళు తాగుతున్నా" అన్నాను.

బెల్లం, బీట్‌రూట్, ఖర్జూరాలు అమ్మ ప్రతి బస్సులోనూ పంపిస్తూనే ఉంది. అన్నీ తిన్నాను. రాగిజావ, మునగాకు పప్పు, నువ్వుండలు కూడా. తిండి తిండే, కానీ 9.4 ని లేపింది ఐరన్ బిళ్ళే అని నా నమ్మకం. నాలుగు నెలలకి 11.9 వచ్చింది. థైరాయిడ్ ఆరు వారాలకొకసారి చూస్తూ మోతాదు మార్చారు. బిడ్డ కావాలనుకునేవాళ్ళకి అది 2.5 లోపు ఉంచుతారట. ఇప్పుడు 2.1.

పంటి సంగతి ఒక్క ముక్క. కుడి వైపు దవడ పన్ను రెండేళ్ళుగా సలుపుతూ ఉంటే లవంగం పెట్టుకుని నెట్టుకొస్తున్నా. ఎక్స్‌రేలు, మత్తు, యాంటీబయాటిక్ గొడవలన్నీ ఇప్పుడే అయిపోతే హాయి అని రూట్ కెనాల్ చేయించేశాను. ఎందుకు రెండేళ్ళు ఆగానో నాకే తెలీదు.

టీకాల దగ్గర అమ్మకి ఫోన్ చేయాల్సి వచ్చింది. "నాకు చికెన్‌పాక్స్ వచ్చిందా అమ్మా?" అంటే "అలా అనకే, అమ్మవారు పోసింది అనాలి" అని ముందు లెంపలేసుకుని, తర్వాత నాలుగో తరగతి ఎండాకాలం సెలవుల్లో వేపాకుల మీద పడుకోబెట్టిన కథంతా చెప్పింది. అది సరిపోయింది. రుబెల్లాకి మాత్రం నా రక్తంలో రక్షణ లేదు. 2017లో మన రెండు రాష్ట్రాల్లో బళ్ళల్లో తట్టు-రుబెల్లా టీకా వేశారు కదా, అది పదిహేనేళ్ళ లోపు పిల్లలకి. నాకప్పటికే ఇరవై నాలుగు. పెద్దవాళ్ళకి రుబెల్లా అంటే రెండు రోజుల ఒళ్ళునొప్పులు, కాస్త దద్దుర్లు. మొదటి నెలల గర్భంలో వస్తే మాత్రం బిడ్డ కళ్ళు, గుండె, చెవులు మూడూ ప్రమాదంలో పడతాయి. టీకా బతికున్న వైరస్‌తో చేసింది కాబట్టి కడుపుతో ఉండగా వేయరు, వేశాక నెలరోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. అంటే కడుపులో పడే బిడ్డకి పనికిరావాలంటే ముందే వేయించుకోవాల్సిన టీకా. కార్తీకమాసంలో వేయించుకున్నాను.

ఇప్పుడు మేనరికం.

"మీ ఇద్దరూ బంధువులా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు మేమిద్దరం ఒకేసారి నేల చూశాం. ఆవిడేం తిట్టలేదు. ఇక్కడ హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో మెడికల్ జెనెటిక్స్, అంటే జన్యువుల విభాగం ఉంది, బయట కూడా కౌన్సెలర్లు ఉన్నారు, ఒకసారి కలవండి అంది. మేం ఆఫీసుకి దగ్గరని బయటే వెళ్ళాం.

ఆ కౌన్సెలరు మా కంటే చిన్నపిల్ల. తెల్లకాగితం, పెన్సిలు తీసుకుని మా ఇంటి కథ అడగడం మొదలెట్టింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా. పెళ్ళికి మధ్యలో ఒక అడ్డగీత. చుట్టరికంలో పెళ్ళయితే ఆ గీత జంటగా గీస్తారు. మా ఇద్దరి మధ్య జంటగీత పడింది. ఆ పైన అమ్మమ్మా తాతయ్యా. "వాళ్ళు బంధువులా?" తాతయ్య అమ్మమ్మకి సొంత మేనమామ. పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. ఇంకో జంటగీత. పక్కకి మా పిన్ని. పిన్నిని ఇచ్చింది తాతయ్య రెండో అక్క కొడుక్కి. మూడో జంటగీత. అందరూ ఒకే పందిట్లో తిరిగినవాళ్ళే, పొలం పోకూడదని, పిల్ల కళ్ళముందుంటుందని, కట్నం దగ్గర మాటా మాటా రాదని చేసుకున్నవాళ్ళే. కాగితం మీద చూస్తే మా వంశం చెట్టులా లేదు, జడలా ఉంది.

"చిన్నప్పుడే పోయినవాళ్ళు ఎవరైనా?" అడిగింది. అమ్మమ్మకి అమ్మ కంటే ముందు ఇద్దరు పురిట్లోనే పోయారని తెలుసు కానీ, ఎలా పోయారో ఎప్పుడూ అడగలేదు. "వినికిడి, చూపు సమస్యలు?" మా పిన్ని కూతురు, నా చెల్లి, పుట్టుచెవుడు. దాని సున్నాని పెన్సిల్‌తో నల్లగా నింపింది. మా కాగితం మొత్తమ్మీద నింపిన సున్నా అదొక్కటే. బావ దాని వంకే చూస్తున్నాడు.

తర్వాత లెక్క చెప్పింది. ఎవరికైనా సరే, ఏదో ఒక పెద్ద లోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. మేనత్త మేనమామ బిడ్డల పెళ్ళిలో అది నాలుగు నుంచి ఆరు. అంటే నూటికి తొంభై నాలుగు మంది పైచిలుకు బానే పుడతారు. ఆ రెండో వాక్యం మావయ్యకి చెబితే పొంగిపోతాడు, మొదటిది అమ్మకి చెబితే నిద్రపోదు. రెండూ ఒకటే లెక్క. మాకు తరతరాలుగా ముడులు పడ్డాయి కాబట్టి ఇద్దరి జన్యువులూ చూస్తే మంచిదంది. ప్రతి మనిషిలోనూ ఒకటో రెండో చెడ్డ జన్యువులు నిద్రపోతూ ఉంటాయి. జోడీలో రెండోది బాగుంటే ఏమీ కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే చెడ్డదాన్ని మోస్తుంటేనే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అది బిడ్డలో బయటపడే అవకాశం. చుట్టాలు ఒకేదాన్ని మొయ్యడానికి అవకాశం ఎక్కువ, అంతే విషయం.

తలసీమియాకి, అంటే వంశంలో వచ్చే ఒక రక్తపు జబ్బుకి, ముందు బావ రక్తం చూశారు. నాది ఎందుకు కాదంటే, ఐరన్ తక్కువుంటే ఆ పరీక్షలో చూసే హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం తగ్గి చూపించి, ఉన్న తలసీమియా దాక్కోవచ్చట. బావది మామూలుగా వస్తే నాది ఏదైనా పర్లేదు, బిడ్డకి జబ్బు రాదు. బానే వచ్చింది. జన్యువుల పెద్ద పరీక్షకి ఇద్దరికీ కలిపి నలభై వేలు దాటింది. అయిదు వారాలు ఆగాలి.

ఆ అయిదు వారాల్లో చెల్లికి తెలిసిపోయింది. అమ్మ పిన్నితో, పిన్ని దానితో. అది గుంటూరులో బొటిక్‌లో మగ్గం పని చేస్తుంది, చేతిలో ఒడుపు చూడాలి మీరు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒకటే లైను పంపింది. "నాలాంటిది పుట్టకూడదనా అక్కా?"

నేను టైపు చేసి చెరిపేసి, చెరిపేసి టైపు చేసి, చివరికి ఏమీ పంపలేదు. కాదు అంటే అబద్ధం. అవును అంటే, దాన్ని నేనే ఎత్తుకుని పెంచాను కదా. మర్నాడు మధ్యాహ్నం కౌన్సెలరు చెప్పినది రాశాను. అలాంటి జన్యువు ఉందని తెలిస్తే పుట్టిన మొదటి నెలలోనే చెవి పరీక్ష చేయించి, మూడో నెలకల్లా ఖాయం చేసుకుని, ఆరో నెలకల్లా మిషనో, సైగలో ఏదో ఒకటి మొదలెట్టొచ్చని. జవాబు సాయంత్రం వచ్చింది. "నాకు మూడేళ్ళు వచ్చేదాకా ఎవరూ కనిపెట్టలేదు. మొండిది, పిలిస్తే పలకదు అని కొట్టేవాళ్ళు. అది చేయించు." నిజమే. నేను కూడా ఒకసారి కొట్టాను. నాకు తొమ్మిదేళ్ళు, దానికి రెండు.

ఫలితం సంక్రాంతి తర్వాత వచ్చింది. ఇద్దరికీ తలా ఒకటి రెండు ఉన్నాయి, కానీ ఒకేచోట కలవలేదు. ఈ పరీక్షకి అన్నీ దొరకవు, దొరికినవాటిలో మీరు క్షేమం అని కౌన్సెలరు రెండుసార్లు చెప్పి సంతకం పెట్టించుకుంది. బయటికొచ్చి అమీర్‌పేట మెట్రో కింద చెరో చెరుకురసం తాగాం. ఏమీ మాట్లాడుకోలేదు.

బావ సిగరెట్ల గురించి రాయనా అని అడిగితే "రాసుకో, తేదీలతో సహా రాసుకో" అన్నాడు. ఇంజనీరింగ్‌లో మొదలెట్టినవి, రోజుకి ఆరు. మగవాడి వీర్యకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి కనీసం మూడు నెలల ముందే మానమంది డాక్టరమ్మ. పైగా అతని పొగ నా ఒంట్లోకీ వస్తుంది. వీర్యపరీక్ష కూడా చేయించమంటారేమో అని బావ హడలిపోయాడు కానీ, ఇప్పుడే అక్కర్లేదు, ఏడాది ప్రయత్నించాక కూడా రాకపోతే అప్పుడు చూద్దాం అంది. నా వయసు ముప్పై అయిదు దాటి ఉంటే ఆర్నెల్లే ఆగమనేదట.

దాంతో తిరుపతి వెంకన్న క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో అంకెలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. అరవై ఒకటో రోజున స్నేహితుడి పెళ్ళికి వరంగల్ వెళ్ళి తెల్లారి వచ్చాడు. నేనేం అడగలేదు. స్నానం చేసి వచ్చి క్యాలెండరు ముందు నిలబడి 62 వేయాల్సిన గడిలో 1 వేశాడు. అది చూసి నాకు కోపం రావాలి, రాలేదు. ఇప్పుడు ఆ లెక్క నూట పదిలో ఉంది.

అత్తకి ఇదంతా గిట్టలేదు. "ఆడపిల్ల ఒళ్ళు చూసుకోవాలి గానీ, మధ్యలో వాడినెందుకే డాక్టర్ల చుట్టూ తిప్పుతావు?" అంది ఫోన్లో. మేనరికంలో ఒక సుఖం ఏంటంటే అత్తతో వాదించొచ్చు, నా పుట్టువెంట్రుకలప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మనిషే కదా. ఒక కష్టం ఏంటంటే ఆ వాదన సాయంత్రానికి అమ్మ దగ్గరికి చేరిపోతుంది. "మా వదిన బాధపడిందటగా" అని అమ్మ మొదలెడుతుంది. మావయ్య మాత్రం ఏమీ అనలేదు. ఈమధ్య మేం వెళ్తే చుట్ట పట్టుకుని పెరట్లోకి పోతున్నాడని బావే చూశాడు.

అన్నట్టు మన పెద్దవాళ్ళకి ముందుచూపు లేదనుకోకండి. ఆషాఢంలో కొత్తకోడల్ని పుట్టింటికి పంపేది ఎందుకంటారు? అప్పుడు కడుపు పడితే కాన్పు నడి ఎండాకాలంలో వస్తుందని. ఆ లెక్క మా అమ్మమ్మకీ తెలుసు.

ఇంటి విషయం. నిజాంపేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, నీళ్ళ క్యాన్ మోసుకెళ్ళాలి. లిఫ్టు దగ్గర ప్రశ్నలు అన్నాను కదా, అది ఆఫీసు లిఫ్టు. బాత్‌రూమ్ గచ్చు నున్నగా అద్దంలా ఉంటుంది, బావే రెండుసార్లు జారాడు. పాత బిల్డింగు కాబట్టి కిటికీల రంగు పొరలు పొరలుగా ఊడుతోంది. బావ గరుకు కాగితంతో గీకి మళ్ళీ వేద్దామన్నాడు. నేనే ఆపాను. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో ఎంతుందో ఎవడికి తెలుసు? గీకితే ఆ దుమ్మంతా ఇంట్లోనే. కడుపుతో ఉన్నవాళ్ళకీ పాకే పిల్లలకీ సీసం చాలా చెరుపు.

ఇల్లు మారదామా వద్దా అని మేం నెలరోజులు తన్నుకుంటుంటే అమ్మ తేల్చేసింది. "కడుపుతో ఉండగా ఇల్లు మారకూడదే. మారేదుంటే ఇప్పుడే మారండి." నేను పాతిక కారణాలు చెబితే కదలని బావ ఈ ఒక్క మాటకి కదిలాడు. మాఘమాసంలో అదే కాలనీలో మొదటి అంతస్తుకి మారాం. అద్దె రెండువేలు ఎక్కువ. గరుకు టైల్స్, కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ, కిటికీలన్నిటికీ దోమల మెష్. కడ్డీ చూసి ఓనరు "ఇంట్లో ముసలాళ్ళున్నారా?" అని అడిగాడు. "రాబోతున్నారు" అన్నాడు బావ.

డబ్బు దగ్గరకొస్తే నాకు ఆఫీసు ఇన్సూరెన్సులో కాన్పుకి 50 వేలు పరిమితి. మేం కనుక్కున్న చోట మామూలు కాన్పుకే అంతకు మించి చెప్పారు, ఆపరేషనైతే లక్షా ఇరవై. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని పైన చెప్పిన 2019–21 సర్వేలోనే ఉంది, కాబట్టి లక్షా ఇరవై పెట్టుకునే లెక్క వేశాను. సొంతంగా పాలసీ తీసుకుందామంటే కాన్పు ఖర్చు ఇవ్వడానికి చాలావాటికి రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళు ఆగాలి. పెళ్ళయిన రోజే తీసుకోవాల్సింది. అప్పుడు ఫొటో ఆల్బమ్‌కి అరవై వేలు పెట్టాం, అది వేరే సంగతి.

అందుకని చీటీ వేశాను. నెలకి పదివేలు, ఇరవై నెలలు. పదిహేనో నెల దాకా పాడకూడదని ఒట్టు, ముందు పాడితే కోత ఎక్కువ. మా ఇంట్లో దాని పేరు పురిటిచీటీ.

ఉద్యోగం మారే అవకాశం కూడా ఒకటి వచ్చింది, జీతం మంచిదే. వదులుకున్నాను. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు ఉంది, 2017 సవరణ నుంచి. అది రావాలంటే కాన్పుకి ముందు ఏడాదిలో ఆ కంపెనీలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. 80 రోజులంటే పెద్ద లెక్కేం కాదు, కానీ కొత్తచోట చేరీచేరగానే వేవిళ్ళతో బాత్‌రూమ్‌కి పరిగెత్తే ధైర్యం నాకు లేదు. బావకి వాళ్ళ కంపెనీ అయిదు రోజులు ఇస్తుందట. ప్రైవేటువాళ్ళకి తండ్రి సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు, ఆ అయిదూ వాళ్ళ దయ. మిగతాది పెట్టుకోవడానికి అతను ఇప్పటినుంచే సెలవులు దాచుతున్నాడు. పోయిన వారం జ్వరంతో కూడా ఆఫీసుకి పోయాడు, అది చూస్తే నాకు ఒళ్ళు మండింది.

తొలికాన్పు పుట్టింట్లో అన్నది మా అమ్మ పట్టు. మోకాళ్ళు అరిగిపోయాయి, కింద కూర్చోలేదు. బాలింతకి పథ్యం, పసిపిల్లకి నలుగు, సాంబ్రాణి పొగ అన్నీ తనే చేస్తానంటుంది. పొగ వద్దని ఇప్పుడే చెప్పేశాను, ఆ గొడవ ఇప్పుడే పడితే అప్పటికి చల్లారుతుందని. ఇంకా చల్లారలేదు.

మొన్న ఆదివారం అమ్మ వచ్చింది, కొత్తింట్లోకి మొదటిసారి. గోంగూర పచ్చడి సీసా, కాకరకాయ కారం, ఒక పెద్ద గుడ్డసంచి. ఇల్లంతా తిరిగింది, కడ్డీ పట్టుకుని ఊపి చూసింది, బాగుందంది. సంచి మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. బావ బజారుకి వెళ్ళాక నేనే తీసి చూశాను.

అన్నీ పాత నూలు చీరలు. అమ్మ రోజూ కట్టిన మంగళగిరివి, అమ్మమ్మ వెంకటగిరివి రెండు. అమ్మమ్మ పోయి పదకొండేళ్ళు. ఉతికి ఉతికి బట్ట పాల మీగడలా అయిపోయింది, వెలుతురుకి పెడితే అవతల నా చెయ్యి కనపడుతోంది. జరీ అంచులు, ఎక్కడా పోగు గీసుకోకుండా మొత్తం విప్పేసింది. నలుచదరంగా కత్తిరించి, నాలుగు వైపులా సన్నగా మడిచి, చేత్తో కుట్టింది. చూపు ఆనని మనిషి. కుట్లు కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల ఎడంగా. లెక్కపెడితే నలభై పైనే ఉన్నాయి.

"ఏంటమ్మా ఇవి?"

"ఇల్లు తుడుచుకోవడానికి తెచ్చా" అంది, వంటింట్లోంచే, ఇటు తిరక్కుండా.

"తుడిచే గుడ్డలకి అంచులు కుడతారా?"

"ఊరికే కూర్చోలేక కుట్టాను. ఏం, నేనేమన్నా కొన్నానా? ఇంట్లోవే."

మళ్ళీ అన్నీ మడిచి సంచిలో పెట్టి, నాలుగు కర్పూరం బిళ్ళలు వేసి మూతి కట్టాను. సాయంత్రం బావ స్టూలెక్కి దాన్ని అటక మీదకి తోస్తూ "బరువేం లేదే, ఏముంది ఇందులో?" అన్నాడు.

"ఇల్లు తుడిచే గుడ్డలు" అన్నాను. అమ్మ స్టవ్ మీద పాలు దించింది.